నునుపు చేసిన చీకటి

మా నందిగామ, జగ్గయ్యపేట వైపు చేతిలో కెమెరా ఉన్నవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. మొదట చెప్పే సలహా ఒకటే: "ఐఎస్ఓ పెంచొద్దు, బొమ్మ పాడైపోద్ది." పెళ్ళిళ్ళు తీసే సీనియర్లు చెప్తారు, వాళ్ళ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు చెప్తారు, ఇంజనీరింగ్ చదువుతూ కొత్తగా కెమెరా కొన్నవాళ్ళూ చెప్తారు. ఎందుకు పాడవుతుందంటే "నాయిస్ వచ్చిద్ది" అంటారు. నాయిస్ వస్తే ఏమవుతుందని అడిగితే మాత్రం, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. నాయిస్ రావడమే పాడవడం అని వాళ్ళ లెక్క.

ఆ లెక్క మన బొమ్మల్ని ఏం చేసిందన్నది నేను రాయాలనుకున్న విషయం. ఇందుకు నా దగ్గరున్న సరుకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ ఫొటోలు. ఏటా మాఘ పౌర్ణమి వచ్చేసరికి వాట్సాప్ స్టేటస్‌లలో, ఇన్‌స్టా పేజీల్లో వందల కొద్దీ వచ్చి పడతాయి. కొన్నేళ్ళుగా వాటిని దాచుకుంటున్నాను. రాత్రిపూట తీసినవే వేరుగా పెట్టుకున్నాను. వరసగా చూస్తూ పోతే ఒక సంగతి తెలుస్తుంది: ఏటికేడాదికి బొమ్మలు శుభ్రపడుతున్నాయి, ఏటికేడాదికి మనుషులు తగ్గిపోతున్నారు. జనం తగ్గారని కాదు. ముఖాలున్నాయి, ముఖాల్లో మనిషి లేడు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పెనుగంచిప్రోలు మునేరు ఒడ్డున, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య జాతీయ రహదారికి కాస్త లోపలికి ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా. మాకు మాత్రం ఇప్పటికీ కృష్ణా మెట్టే. తిరుపతమ్మ, గోపయ్యల గుడి అక్కడ. రెండేళ్ళకోసారి ఆ గుడి విగ్రహాలను రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్తారు. రంగులు పూర్తయ్యాక మళ్ళీ ఊరేగింపుగా తెస్తారు. దేవుళ్ళు రంగుల కోసం ఊరు దాటి వెళ్ళే చోట, రంగు గురించీ వెలుతురు గురించీ మాట్లాడకుండా ఫొటోగ్రఫీ గురించి ఏం మాట్లాడతాం?

నా దగ్గరున్న రాత్రి ఫొటోలు మూడు రకాలు. మొదటి రకం ఫ్లాష్ వేసి తీసినవి. ముందు వరసలో ఉన్న మనిషి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటాడు, వెనక తిరునాళ్ళ మొత్తం నల్లటి పరదా అయిపోతుంది. ఇది ఏ ఊళ్ళో, ఏ రాత్రి తీశారో ఫొటో చెప్పదు. రెండో రకం స్టాండు మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ 100లో ఉంచి, నాలుగైదు సెకన్లు షట్టర్ తెరిచి తీసినవి. ప్రభలు, సీరియల్ బల్బులు, గుడి గోపురం, అన్నీ కత్తితో కోసినంత స్పష్టం. మనుషులు మాత్రం పొగ. క్యాలెండర్‌కి బాగుంటాయి. మూడోది ఈమధ్య ఎక్కువైన రకం: ఐఎస్ఓ పెంచి చేత్తోనే తీసి, తర్వాత కంప్యూటర్లో నాయిస్ మొత్తం తుడిచేసినవి. మొదటి చూపుకి ఇవే అన్నిటికంటే బాగుంటాయి. నాకు పేచీ వీటితోనే.

ముందు ఐఎస్ఓ ఏమిటో తేల్చుకుందాం. ఇక్కడ ఒక అపోహ గట్టిగా పాతుకుపోయి ఉంది: ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుతురు పట్టుకుంటుందని, ఆ శ్రమకి నాయిస్ పుడుతుందని. రెండూ తప్పే. సెన్సర్ మీద పడే వెలుతురుని నిర్ణయించేవి లెన్స్ రంధ్రం, షట్టర్ తెరిచిన కాలం, అసలు అక్కడ ఎంత వెలుగుందన్నది. ఐఎస్ఓ వచ్చేది ఆ తర్వాత. పట్టుకున్న కొద్దిపాటి సంకేతాన్ని ఎన్ని రెట్లు చేసి చూపించాలో చెప్పే అంకె అది.

జగ్గయ్యపేట వాళ్ళకి దీన్ని చెప్పడానికి నాకు ఊళ్ళోనే ఒక బొమ్మ దొరికింది. ఊరి పక్కన ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. జేమ్స్ బర్జెస్ 1882లో అక్కడ తవ్వించి, 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పుస్తకం వేశాడు. అక్కడ దొరికిన పాలరాతి లాంటి సున్నపురాతి పలకల్లో ప్రసిద్ధమైనది చక్రవర్తి శిల్పం, మాంధాత అంటారు. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, పైన మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. వెలుతురు సరిగ్గా అలాగే పడుతుంది. ధారగా కాదు, విడివిడి నాణేలుగా. ఒక్కో నాణెం ఒక ఫోటాన్.

ఆ వాన కింద ఆరుబయట లక్షల గిన్నెలు పరిచామనుకోండి. అవే పిక్సెళ్ళు. అన్నిటి మీదా సమానంగానే వాన పడుతోంది, అయినా పక్కపక్క గిన్నెల్లో సమానంగా నాణేలు పడవు. ఈ తేడా ఎంతుంటుందో చెప్పే లెక్క సులువు: సగటున ఎన్ని పడ్డాయో దాని వర్గమూలం అంత. పట్టపగలు గిన్నెకి 10,000 పడితే తేడా 100, అంటే నూటికి ఒకటి, కంటికి ఆనదు. రాత్రి 100 పడితే తేడా 10, అంటే నూటికి పది. ఆకాశం ఉన్న చోట, చెంప ఉన్న చోట ఇసుక చల్లినట్టు కనిపించేది ఇదే. దీన్ని షాట్ నాయిస్ అంటారు. కెమెరా చేసే తప్పు కాదిది, వెలుతురు స్వభావం. కోటి రూపాయల కెమెరా పెట్టినా పోదు.

ఇక ఐఎస్ఓ పాత్ర: గిన్నెలో 100 నాణేలున్నాయి, వాటిని 10,000 అని లెక్క రాసుకో, అని చెప్పడం. నాణేలతో పాటు తేడా కూడా వంద రెట్లవుతుంది. నాయిస్ అంతకుముందే ఉంది, ఐఎస్ఓ దాన్ని మనకి కనపడేంత పెద్దది చేసింది. జ్వరం ఎంతుందో చూపించినందుకు థర్మామీటర్‌ని తిడతామా?

సెన్సర్ నుంచి సంకేతాన్ని చదివే ఎలక్ట్రానిక్స్ కూడా తన వంతు గీర కొంత కలుపుతుంది. దాన్ని రీడ్ నాయిస్ అంటారు. చాలా కెమెరాల్లో ఐఎస్ఓ పెంచితే ఈ భాగం నిజానికి తగ్గుతుంది, ఎందుకంటే గీర పూర్తిగా కలవకముందే సంకేతం పెద్దదవుతుంది కాబట్టి. చీకటి ఫొటోని ఐఎస్ఓ 200లో తీసి ఇంటికొచ్చి వెలుగు పెంచిన వాడికంటే, అదే షట్టర్, అదే అపెర్చర్‌తో అక్కడే 3200 పెట్టి తీసిన వాడికి, పాత కెమెరాల్లో, శుభ్రమైన బొమ్మ వచ్చేది. కొత్త సెన్సర్లలో చాలావాటికి ఈ రెండిటి మధ్య తేడా దాదాపు పోయింది.

అయితే ఐఎస్ఓ పెంచితే నష్టమే లేదా? ఉంది. దాని గురించే మావాళ్ళు మాట్లాడరు. లెక్క రాసుకునే పుస్తకంలో గడికి ఒక హద్దు ఉంటుంది. రెట్టింపు చేసి రాసుకునే కొద్దీ సగం నిండిన గిన్నె కూడా హద్దు దాటేస్తుంది. ఐఎస్ఓ రెట్టింపైన ప్రతిసారీ పైన వెలుతురుకి ఉండే జాగా సగానికి సగం తగ్గుతుంది. తిరునాళ్ళలో ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి: ప్రభ మీద ఎర్ర, పచ్చ, నీలం బల్బులు కడితే, 6400లో తీసిన ఫొటోలో అన్నీ తెల్ల చుక్కలే. నాయిస్ గురించి గోల పెట్టే వాళ్ళెవరూ ఈ బల్బుల రంగులు పోయాయని అనగా నేను వినలేదు. కొత్త కెమెరా ఉంటే దీనికి దారి ఉంది. రా ఫైల్‌లో, అవే షట్టర్, అపెర్చర్‌తో ఐఎస్ఓ 800 దగ్గరే ఆపి, ఫొటో చీకటిగా వచ్చినా పర్వాలేదనుకుని తీసి, ఇంటికొచ్చి నీడల్ని పైకి లేపితే ముఖాలూ దక్కుతాయి, బల్బుల రంగులూ దక్కుతాయి.

ఇంకో నష్టం రంగుల్లో ఉంది. పసుపు బల్బుల కింద, నూనె దీపాల కింద నీలం వెలుతురు చాలా తక్కువ. సెన్సర్‌లో నీలాన్ని చదివే పిక్సెళ్ళకి నాణేలు దాదాపు పడవు. ఆ పసుపుని సరిచేసి తెల్లబట్ట తెల్లగా కనపడాలని వైట్ బ్యాలెన్స్ మారిస్తే, కెమెరా ఆ కాసిని నీలం నాణేల్ని ఇంకొన్ని రెట్లు చేస్తుంది. నల్లటి జుట్టులో, ముదురు చీరలో కనిపించే ఊదా నీలం మచ్చలు అక్కడివి. అందుకే నాకు తోచిన మాట: రాత్రి తిరునాళ్ళని పసుపుగానే ఉండనివ్వండి. అక్కడ నిలబడ్డవాళ్ళ కంటికి అది పసుపుగానే కనిపించింది. మచ్చలూ తగ్గుతాయి, అబద్ధమూ తగ్గుతుంది.

మరి ఐఎస్ఓ అంటే ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకప్పుడు న్యాయంగానే వచ్చింది. 2005లో వచ్చిన కెనాన్ 350డిలో ఐఎస్ఓ గరిష్ఠం 1600, అక్కడ బొమ్మ నిజంగానే పొట్టు పొట్టుగా ఉండేది. మా వైపు డిజిటల్ నేర్చుకున్న మొదటి తరం ఇలాంటి కెమెరాల మీద నేర్చుకుంది. 2007లో నికాన్ డి3 వచ్చి 6400ని మామూలు అంకె చేసింది, సాగదీస్తే 25,600. 2014లో సోనీ ఎ7ఎస్ 4,09,600 దాకా వెళ్ళింది. కెమెరాలు మారాయి, గురువుగారి సలహా మారలేదు. కొత్త కెమెరా చేతిలో పెట్టుకుని పాత కెమెరా సామెత వల్లిస్తున్నాం.

సామెతకి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఒక ఉదాహరణ. బల్బుల వెలుగులో కుంకుమ చల్లుకుంటూ నడుస్తున్న ఆడవాళ్ళ గుంపు. ఎఫ్ 2 లెన్స్, షట్టర్ సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 3200 పెడితే సరిపోతుంది అనుకుందాం. "400 దాటొద్దు" అని గురువుగారు చెప్పారు కాబట్టి 400 పెట్టారు. అంటే మూడు స్టాపులు తగ్గించారు, షట్టర్ 15వ వంతుకి దిగింది. ఇప్పుడు నాయిస్ లేదు. పైకెత్తిన చెయ్యీ లేదు, తల తిప్పిన ముఖమూ లేదు, సాగిన చారలున్నాయి. కదిలిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా తిరిగి ఇవ్వలేదు. ఇసుక చల్లినట్టున్న ముఖం కనీసం ఎవరిదో తెలుస్తుంది.

కిట్ లెన్స్ సంగతి కూడా చెప్పాలి. కెమెరాతో వచ్చే లెన్స్‌ని ముందుకి లాగితే అపెర్చర్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. కెమెరా కంపెనీలు అమ్మే లెన్సుల్లో చవకైన వాటిలో అదొకటి. ఐఎస్ఓకి భయపడే బదులు ఆ లెన్స్ కొనుక్కో, అని చెప్పే గురువు మాకు అవసరం.

ఫోన్ల విషయం వేరు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఫోన్‌లో ఉండేది వేలిగోరంత. అంత చిన్న జాగాలో పడే నాణేలు తక్కువ కాబట్టి ఫోన్ వేరే ఉపాయం పన్నుతుంది: గబగబా పది, పదిహేను ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది పేరిస్తే నాయిస్ మూడో వంతుకి దిగుతుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లకి వచ్చిన నైట్ సైట్‌తో ఇది జనంలోకి వచ్చింది. కదలని గోడకి, గోపురానికి అద్భుతంగా పనిచేస్తుంది. తిరునాళ్ళలో కదలనిదేముంది? కదిలిన చోట ఫోన్ పేర్చడం మానేసి, ఉన్న ఒక్క ఫొటోనే తోమి నునుపు చేస్తుంది. అందుకే ఆ ఫొటోల్లో గోపురం రాయి గరుకుగా, మనిషి చర్మం మైనంలా ఉంటుంది. రాయికి దక్కిన న్యాయం మనిషికి దక్కలేదు.

ఇదంతా మా ఇంట్లో ఒకసారి అనుభవానికొచ్చింది. నాయనమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి పెట్టడానికి ఒక ఫొటో కావాల్సొచ్చింది. ఆమె విడిగా కూర్చుని తీయించుకున్నవి లేవు. మా బాబాయ్ కొడుకు అంతకు ముందేడు తిరునాళ్ళ రాత్రి ఫోన్‌లో తీసింది ఒకటుంది, అంతా గింజలు గింజలుగా. ఒక స్టూడియోలో ఇస్తే పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇచ్చారు. ముఖం వెన్న రాసినట్టుంది. మా మేనత్త చూసి, "ఎవర్రా ఈమె?" అంది. కాసేపటికి నాకు తెలిసింది ఏం పోయిందో. నాయనమ్మకి గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేది, వయసుతో వెలిసి చర్మం రంగులో సగం కలిసిపోయింది. అది లేదు. స్టూడియో అతన్ని అడిగితే తనకేం సంబంధం అన్నట్టు కాకుండా, నిజంగానే ఆశ్చర్యపడి చెప్పాడు: "సాఫ్ట్‌వేర్ దాన్ని నాయిస్ అనుకుందండీ."

అతని మాటలో డీనాయిస్ సిద్ధాంతం మొత్తం ఉంది. సాఫ్ట్‌వేర్‌కి పచ్చబొట్టుకీ నాయిస్‌కీ తేడా చెప్పేవాళ్ళు లేరు. చుట్టుపక్కల పిక్సెళ్ళకంటే కాస్త తేడాగా ఉన్నది, అంచు గట్టిగా లేనిది, చిన్నది: ఇవి నాయిస్ గుర్తులు. వెలిసిన పచ్చబొట్టుకీ ఇవే గుర్తులు. స్ఫోటకం మచ్చకీ, చెంప మీద పసుపు ఎండి రాలిన జాడకీ, నేత చీర పోగుకీ ఇవే గుర్తులు. పాత పద్ధతిలో వీటిని పక్క పిక్సెళ్ళతో కలిపి అలికేసేవారు. 2023లో లైట్‌రూమ్‌లోకి కూడా వచ్చిన ఏఐ డీనాయిస్ పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది: లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నది కాబట్టి, ఇక్కడ చర్మం ఇలా ఉండాలి అని ఊహించి పూరిస్తుంది. తక్కువ నాయిస్ ఉన్నప్పుడు ఊహ తక్కువ, ఫలితం నిజానికి దగ్గర, నేనూ వాడతాను. ఫైల్లో ఏమీ మిగలనప్పుడు మొత్తం ఊహే. 2023 మార్చిలో ఒకాయన చందమామ బొమ్మని కావాలని మసకబార్చి, మానిటర్ మీద పెట్టి శామ్‌సంగ్ ఫోన్‌తో తీస్తే, ఆ మసకలో లేని మచ్చలు ఫోన్ ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. దాని మీద పెద్ద చర్చే జరిగింది. చందమామకి ఒకటే ముఖం కాబట్టి ఊహ తప్పకపోవచ్చు. మా నాయనమ్మ ముఖం ఫోన్ ఇంతకుముందు ఎక్కడ చూసింది?

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త సమస్యేం కాదు. తాళపత్రంలో పురుగు తిన్న చోట ఒక పరిష్కర్త చుక్కలు పెట్టి వదిలేస్తాడు, ఇంకొకడు ఛందస్సుకి సరిపోయే మాట తనే వేసి పద్యం పూర్తి చేస్తాడు. రెండోది చదవడానికి హాయిగా ఉంటుంది, అది కవి మాట కాదన్నది మాత్రం ఎక్కడా కనపడదు. మా మెట్ట యాసలో చెప్పిన కథని "సరిదిద్ది" అచ్చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ధనబోడు పలకల్ని చూసి గీసిన చిత్రకారుడికీ ఇదే పరీక్ష ఎదురై ఉంటుంది: ఈ గుంట ఉలి దెబ్బా, రెండు వేల ఏళ్ళ అరుగుదలా? గీత గీయగానే తీర్పు చెప్పినట్టే. నాయిస్ తుడవడం కూడా పాఠ పరిష్కరణే. ఎవరు చేశారో, ఎంత చేశారో చెప్పని పరిష్కరణ.

దీనికి ఎదురు పక్షం కూడా ఉంది, మీలో చాలామంది అటు ఉండొచ్చు. గరుకే అందం, గరుకే నిజం అనే పక్షం. 1968లో జపాన్‌లో ప్రొవోక్ పత్రిక చుట్టూ చేరిన ఫొటోగ్రాఫర్లు, తర్వాత వాళ్ళతో కలిసిన దైదో మొరియామా, గింజలు తేలిన, కదిలిపోయిన, ఫోకస్ తప్పిన బొమ్మల్ని ఒక భాష చేశారు. దాని వెనక ఆనాటి నగరం మీద, పత్రికల నున్నటి ఫొటోల మీద వాళ్ళకో కోపం ఉంది. ఈరోజు యాప్‌లో "ఫిల్మ్ గ్రెయిన్" అన్న మీట నొక్కితే వచ్చేది ఆ కోపం కాదు. మధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100లో తీసి, పైన గింజలు చల్లుకోవడం కూడా నాకు నాయిస్ తుడిచేయడం లాంటిదే అనిపిస్తుంది. ఒకరు వెలుతురు ఎక్కువగా ఉన్నట్టు నటిస్తున్నారు, ఇంకొకరు తక్కువగా ఉన్నట్టు.

పైగా డిజిటల్ నాయిస్, ఫిల్మ్ గ్రెయిన్ ఒకటి కావు. ఫిల్మ్‌లో గింజ అంటే బొమ్మ తయారైన పదార్థమే, వెండి లవణపు స్ఫటికాలు. వాటిని తీసేస్తే బొమ్మ లేదు. డిజిటల్‌లో నాయిస్ నీడల్లో చేరుతుంది, రంగు మచ్చలుగా వస్తుంది, కొన్ని కెమెరాల్లో అడ్డగీతలుగా కూడా వస్తుంది. అడ్డగీతల్ని, ఊదా మచ్చల్ని తీసేయండి, వాటిలో కవిత్వం లేదు. వెలుగు నీడల సన్నటి ఇసుకని మాత్రం ఉంచండి. సాఫ్ట్‌వేర్లలో రంగు నాయిస్‌కీ వెలుతురు నాయిస్‌కీ వేర్వేరు మీటలు పెట్టింది ఇందుకే.

పెళ్ళి ఫొటోగ్రాఫర్ల మీద నేను రాయి వేయడం లేదు. వాళ్ళ ఇరుకు నాకు తెలుసు. అర్ధరాత్రి ముహూర్తం, చీకటి కల్యాణ మండపం. పొద్దున్నే పెళ్ళివారు ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి ముక్కు పక్కన చుక్కలేంటని అడుగుతారు. అదే ఫొటోని ఎవరూ చూడాల్సినంత దగ్గరగా చూడరు, చూస్తే అతి దగ్గరగా చూస్తారు. 24 మెగాపిక్సెళ్ళ ఫైల్ అడ్డంగా 6000 పిక్సెళ్ళు. ఫోన్ తెర వెడల్పు 1080 అయితే, తెర మీద ఒక్కో చుక్కలో దాదాపు 30 పిక్సెళ్ళు కలిసిపోతాయి, నాయిస్ ఐదున్నర రెట్లు తగ్గిపోతుంది. కరిజ్మా ఆల్బమ్‌లో అచ్చయ్యాక కూడా చాలావరకు అంతే. నూటికి నూరు శాతం పెద్దది చేసి చూస్తే కనిపించే ఇసుక అసలు చూసే సైజులో ఉండదు. లేని జబ్బుకి వైద్యం చేయించుకుని, ముఖం పోగొట్టుకుంటున్నాం.

హై ఐఎస్ఓ పెళ్ళిళ్ళకి చేసిన మేలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా చిన్నప్పుడు పెళ్ళి వీడియో అంటే మంటలాంటి లైటు ఒకటి పెళ్ళికూతురి ముఖం మీద గంటల తరబడి. కళ్ళు చిట్లించి, చెమటకి బొట్టు కారి, ఆమె ఆ రాత్రంతా లైటుని భరించింది. ఇవాళ ఆ లైటు లేకుండా, హోమం వెలుగులోనే ఆమె ముఖం తీయొచ్చు. ఇసుక రేణువులు పడతాయి. పడనివ్వండి. వెలుతురు చాలక రాత్రిని దీపాలతో కట్టుకోవాల్సి వచ్చిన కాలం ఒకటుండేది. 1957 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ కట్టిన వెన్నెల ఆ అవసరంలోంచి పుట్టిన కళ. మనకి ఆ అవసరం తీరిపోయింది. ఉన్న రాత్రిని ఉన్నట్టు తీయగల సాధనం చేతికొచ్చింది. వచ్చాక మనం చేస్తున్నదేమిటంటే, తీసిన రాత్రిని పగలులా కడగడం.

నా దగ్గరున్న వందల్లో నాకు బాగా నచ్చిన ఒక బొమ్మ గురించి చెప్తాను. తీసిందెవరో తెలియదు, ఫార్వర్డ్ అవుతూ వచ్చింది. రంగులు వేయించుకుని విగ్రహాలు తిరిగొస్తున్న దారి. ట్రాక్టర్ పక్కన ఒక ముసలాయన కండువా నడుముకి చుట్టుకుని నడుస్తున్నాడు, చంకలో నిద్రపోతున్న పిల్ల. వెలుతురు ట్రాక్టర్ మీద కట్టిన రెండు బల్బులది, అంతే. ఐఎస్ఓ ఎంతో తెలియదు గానీ నీడల నిండా ఇసుక. ఆయన నుదుటి మీద చెమటా కుంకుమా కలిసి ఒక గీత దిగింది. ఆ గీతకి అంచు లేదు, ఇసుకలోంచి సగం పైకి తేలి ఉంది. ఇంకొంచెం తోమితే పోతుంది. వెనక ఉన్న నలుగురు ఉన్నారో లేరో అన్నట్టున్నారు. విగ్రహాలు ఫ్రేములో లేనే లేవు, ఆయన ముఖం మీద పడిన వెలుగులో ఉన్నాయి. నాయిస్ వల్ల ఈ బొమ్మ గొప్పదని నేను అనను. అక్కడ ఎంత వెలుగుందో అంతే ఉందని ఒప్పుకోవడం వల్ల గొప్పది.

అంచేత రాత్రి బొమ్మ చూసినప్పుడు నేను వేసుకునే ప్రశ్నలు ఇవి. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తోందా? కదలాల్సింది కదిలిందా, ఆగాల్సింది ఆగిందా? బల్బులకి రంగుందా? చర్మానికీ బట్టకీ గోడకీ తేడా మిగిలిందా, అన్నీ ఒకే ప్లాస్టిక్ అయ్యాయా? నాయిస్ ఉందా లేదా అన్నది ఈ వరసలో చివర్న వస్తుంది, చాలాసార్లు రానక్కర్లేదు.

తీసేవాళ్ళకి ఒక్క విన్నపం. రా ఫైళ్ళు పారేయకండి. తుడిచిన కాపీ ఎవరికి కావాలో వాళ్ళకివ్వండి, తుడవంది మీ దగ్గర ఉంచుకోండి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి వేదాద్రి, ముక్త్యాల ఘాట్లలో తీసిన రాత్రి ఫొటోలు నేను చూసినవాటిలో చాలావరకు చిన్నవైపోయిన, నునుపైన జేపెగ్‌లుగానే మిగిలాయి. మళ్ళీ పుష్కరాలు 2028లో. అప్పటికి తుడిచే సాఫ్ట్‌వేర్లు ఇంకా తెలివిమీరతాయి, ఇసుకలోంచి పచ్చబొట్టుని వేరుచేయడం నేర్చుకున్నా నేర్చుకుంటాయి. వాటికి ఇవ్వడానికి మన దగ్గర ఇసుక ఉండాలి కదా.